ఇరవై కిలోల గీత

బస్తాను చేతులతో ఎత్తకూడదు. ముందు మోకాలి మీదికి లాక్కోవాలి, మోకాలి మీంచి పొట్టకు ఆనించుకోవాలి, పొట్ట ఊపుతో భుజానికి ఎక్కించాలి. మూడు నెలలుగా మల్సున్ చెబుతున్నది ఈ మూడు మాటలే. అయినా తొందరలో బోరమ్ చేతులే ముందుకు పోయాయి.

"మళ్ళీ చేతులే!" ఏటిగట్టు మీద నిలబడి అరిచింది మల్సున్. "అవి అన్నం తినడానికే తల్లీ. బరువు మొయ్యాల్సింది నడుము. దించు. మళ్ళీ ఎత్తు."

బోరమ్ దించింది. ఏటి మీంచి వచ్చే గాలికి చెవులు కోసుకుపోతున్నాయి గాని వీపు చెమటతో తడిసి చొక్కా అంటుకుపోయింది. ముందు పడి ఉన్నది పాత బియ్యం బస్తా. ఏటి ఇసుక పోసి, మూతిని వల దారంతో కుట్టారు. పక్కన నల్ల సిరాతో అడ్డంగా ఐదు గీతలున్నాయి. అన్నిటికన్నా కిందిది పది కిలోలు. ఆ పైన పన్నెండు, పద్నాలుగు, పదహారు, పద్దెనిమిది. ఇసుక పోసినప్పుడల్లా బోరమ్ ఆ బస్తాను తను పనిచేసే స్నానశాలకు మోసుకుపోయి, ఆడవాళ్ళు బట్టలు విప్పి తూగే యంత్రం మీద పెట్టేది. గీత గీసేది మాత్రం మల్సునే. నిన్న ఇరవై కిలోలకు పోశారు. ఆ బరువుతో నూరు మీటర్లు పరిగెత్తి వస్తేనే గీత అని మల్సున్ షరతు పెట్టింది.

మోకాలు. పొట్ట. భుజం.

"పో!"

అక్కడి కరెంటు స్తంభం దాకా యాభై మీటర్లు, చుట్టి వెనక్కి యాభై. పోయేటప్పుడు బస్తా భుజం మీద కూర్చుంది. తిరిగేటప్పుడే కష్టం. మనిషి తిరిగినా బస్తా తిరగదు, తన దారిన తాను పోతానంటుంది. బోరమ్ మెడను బస్తాకేసి గట్టిగా అదిమి, చిన్న చిన్న అడుగులతో తిరిగింది. చివరి పది మీటర్లలో తొడలు తనవి కానట్టే అయ్యాయి. మల్సున్ కాళ్ళ దగ్గర బస్తా దించి తనూ కూలబడింది.

"ఇరవై ఏడు సెకన్లు," ఫోను చూసి చెప్పింది మల్సున్. "ఆగస్టులో పది కిలోలకి నలభై ఒకటి పట్టింది. వచ్చీ రాగానే నా బూట్ల మీద కక్కావు, గుర్తుందా?"

"కడిగిచ్చాగా పిన్నీ."

"కడిగావులే. వాసన పోయిందని ఎవరన్నారు?"

మల్సున్ చొక్కా జేబులోంచి సిరా కలం తీసి, మూతను పళ్ళతో పీకి, ఎడమచేత్తో ఆరో గీత గీసింది. గీత ఒక పక్కకు ఎక్కిపోయింది.

"వంకర పోయింది," అంది బోరమ్.

"నువ్వు పరిగెత్తిందీ వంకరే."

మల్సున్‌ది ఎడమచేతి వాటం కాదు. ఆమె కుడిచెయ్యి భుజం ఎత్తు దాటి పైకి లేచి ఏడాదయింది. జుట్టు కూడా ఎడమచేత్తోనే దువ్వుకుంటుంది. ఈ సంగతి బోరమ్‌కి తప్ప ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. అందుకే తెల్లవారుజామున ఐదింటికి మల్సున్ చెత్తబండి వెంట నడిచి, బరువు సంచులన్నీ తను ఎత్తేది. మల్సున్ ఊడ్చేది, బండి తోసేది. మొదట్లో బోరమ్ సంచికొకసారి ఆగి ఊపిరి తీసుకునేది. ఇప్పుడు ఒకటి భుజాన ఉండగానే ఇంకోదాన్ని రెండో చేత్తో ఈడ్చుకొస్తోంది.

ఆ వారమే చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టుకునే రోజులు మొదలయ్యాయి. ఇంటింటా యాభై క్యాబేజీలు, వంద క్యాబేజీలు ఉప్పులో ఊరేస్తారు. పైఆకులూ మొదళ్ళూ తీసి సంచుల్లో కుక్కుతారు. సగమే నింపాలని రూలు ఉంది, ఎవడు వింటాడు? ఉప్పునీళ్ళు తాగిన ఆకులు రాళ్ళలా బరువెక్కి, సంచులు నీళ్ళలోంచి తీసిన శవాల్లా వీధి పొడుగునా పడుకుని ఉంటాయి.

"డాక్టరుకి చూపించుకోరాదూ ఆ భుజం," మిగిలిన వీధులకు బయల్దేరుతూ అంది బోరమ్.

"చూపిస్తే నెల రోజులు ఎత్తొద్దంటాడు. ఈ ఆదివారం దాటనీ."

ఆదివారం పరీక్ష. ఇన్నాళ్ళూ చెత్త పని చూసిన కాంట్రాక్టరును తీసేసి నగరపాలక సంస్థ తానే మనుషుల్ని పెట్టుకుంటోంది. ఐదు ఉద్యోగాలు. చదువుతో పనిలేదు, ఇరవై కిలోల బస్తాతో నూరు మీటర్లు పరిగెత్తాలి. పన్నెండేళ్ళుగా ఊడుస్తున్న మల్సున్ కూడా అందరితోపాటు పరిగెత్తాల్సిందే.

"నీకెందుకు పిన్నీ పరీక్ష? నువ్వు మోసిన సంచులు పేరిస్తే ఈ కొండంత అవుతాయి."

"పేర్చి పెట్టుకోలేదుగా మరి, ఏ రోజుకారోజు పారేస్తిమి," అని నవ్వింది మల్సున్. "పాతవాళ్ళకి కొన్ని మార్కులు కలుపుతారట. నేను పరిగెత్తక్కర్లేదు. బస్తా పడెయ్యకుండా నడిచొస్తే చాలు. పడేస్తే మాత్రం ఇంటికే. నీకూ వస్తుందిలే, ఐదున్నాయిగా. పక్కపక్క వీధులు తీసుకుందాం."

బోరమ్ ఇల్లు చేరేసరికి అత్తగారు అడుగున వెచ్చబెట్టిన నేల మీద కాళ్ళు చాపుకుని మనవరాలు సొల్బీ వేసవి బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టినవి అలమరలోకి పోవడం లేదు, పక్కనున్న ప్రయాణం సంచిలోకి పోతున్నాయి.

"ఇప్పట్నించే ఎందుకత్తయ్యా?"

"మోకాళ్ళకు ఆపరేషన్ అయితే ఇక వంగలేను కాబట్టి," అంది ఆమె తలెత్తకుండా. "నేను కొత్త సంవత్సరానికి బుసాన్‌లో నా కూతురింటికి పోతాను. పోయాక నీ కూతుర్ని ఎవరు చూస్తారు? నువ్వు ఒళ్ళు రుద్దే ఆ స్నానశాల నెలాఖరుకు మూస్తున్నారాయె. నా కూతురికి పిల్లల్లేరు, దీన్ని తీసుకుపోతే కళ్ళలో పెట్టుకుని చూసుకుంటుంది. నేను రాక్షసినేం కాదే. ఉద్యోగం తెచ్చుకో. నగరపాలక సంస్థలో పనిచేసేవాళ్ళ పిల్లలకు తెల్లారకముందే తెరిచే బాలవాడి ఉందంటగా. తెచ్చుకో, ఈ సంచి నేనే విప్పుతా."

బోరమ్ మొగుడు పనికని పోయి రెండేళ్ళయింది. నంబరు కూడా మార్చేశాడు. కొడుకు పేరు ఎత్తాల్సిన చోటల్లా అత్తగారు ఇట్లా బట్టలు మడతపెడుతుంది.

నాలుగేళ్ళ సొల్బీ వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని ఊగింది. "అమ్మా, బల్ల చూపించు." మోచేయి మడిస్తే పైకి లేచే కండను ఆ పిల్ల బల్ల అంటుంది. దానిమీద నారింజ తొన నిలబెట్టడం ఒక ఆట. ఆగస్టులో తొన జారిపోయేది. ఇప్పుడు నిలబడుతోంది.

పిల్ల పడుకున్నాక బోరమ్ ఫోనులో ఒక వీడియో చూసింది. కండలు పెరిగి మెడ కనబడని మనిషొకడు వేలు చూపిస్తూ చెబుతున్నాడు. పరీక్షకు ముందు మూడు రోజులు బరువు ముట్టుకోవద్దు. కండ పెరిగేది పనిలో కాదు, విశ్రాంతిలో. చివరి మూడు రోజులు తెలివితక్కువగా కష్టపడేవాడు మూడు నెలల కష్టం ఏట్లో పోసుకుంటాడు. ఆమె దాన్ని మూడుసార్లు చూసింది. గురువారం, శుక్రవారం, శనివారం. వేళ్ళమీద లెక్క సరిపోయింది.

మర్నాడు ఆ మాట మల్సున్‌కి సూటిగా చెప్పి ఉండొచ్చు. మల్సున్ సరేననేది కూడా. కాని సరేనన్నాక, పచ్చళ్ళ వారంలో ఆ సంచులు ఎవరెత్తుతారన్న ప్రశ్న ఇద్దరి మధ్యా నిలబడుతుంది. బోరమ్ ఆ ప్రశ్న నిలబడకుండా చూసుకుంది. బుధవారం సాయంత్రం ఫోను చేసింది.

"పిన్నీ, సొల్బీకి జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది."

"అయ్యో, ఎప్పట్నించి? మందు వేశావా?"

"వేశాను. రెండు మూడు రోజులు రాలేనేమో."

వెనక సొల్బీ నారింజ తింటూ పాట అందుకుంది. బోరమ్ ఫోను నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నా సంగతికేం, నువ్వు రాకముందు పన్నెండేళ్ళు ఎత్తలేదూ? పిల్ల దగ్గరుండు. పరీక్షకు రావడం మాత్రం మానకు," అంది మల్సున్.

ఆ రాత్రి బోరమ్ పిల్ల నుదుటి మీద పదిసార్లు చెయ్యి వేసి చూసింది. లేని జ్వరాన్ని నోటితో పిలిచింది కదా, వస్తుందేమో. నుదురు చల్లగా ఉంది. ప్రతిసారీ చల్లగానే ఉంది.

రెండో రోజు తెల్లవారుజామున బండి చక్రాల చప్పుడుకు మెలకువ వచ్చింది. వాళ్ళ సందు కూడా మల్సున్ వీధుల్లోదే. బోరమ్ దీపం వెయ్యకుండా లేచి తెర అంచు పక్కకు తీసింది.

ఎదురింటి వాళ్ళు నాలుగు సంచులు పెట్టారు. మల్సున్ మొదటిదాన్ని మోకాలి మీదికి లాక్కుంది, పొట్టకు ఆనించింది, ఎడమ భుజానికి ఎక్కించి బండిలో వేసింది. రెండోది కూడా. మూడోది తడితో నున్నగా ఉందేమో, పొట్ట మీంచి జారింది. జారేదాన్ని పట్టుకోవడానికి కుడిచెయ్యి దానంతటది లేచింది. కిటికీ అద్దం వెనకనున్న బోరమ్‌కి ఏమీ వినపడలేదు. మల్సున్ నోరు తెరుచుకోవడం, మూసుకోవడం మాత్రమే కనబడింది. సంచి చిరిగి క్యాబేజీ ఆకులు రోడ్డు నిండా పరుచుకున్నాయి. మల్సున్ అరుగు అంచున కూర్చుని కుడి మోచేతిని ఎడమచేత్తో ఒళ్ళో పెట్టుకుంది, నిద్రపోయే పిల్లను పెట్టుకున్నట్టు.

బోరమ్ చెయ్యి తలుపు గడియ మీద ఉంది. గడియ చల్లగా ఉంది. బయటికి పోతే జ్వరం అబద్ధమవుతుంది. పోతే సంచులెత్తాలి, ఎత్తితే ఈ రెండు రోజుల విశ్రాంతీ పోతుంది. వెనక, చీకట్లో, ప్రయాణం సంచి నోరు తెరుచుకుని ఉంది. ఇంకొక్క రోజేగా అనుకుంది. గడియ తియ్యలేదు.

కాసేపటికి మల్సున్ లేచింది. ఆకులన్నీ ఎడమచేత్తో ఊడ్చి ఎత్తింది. నాలుగో సంచిని ఎత్తకుండా బండి దాకా ఈడ్చుకుంది. పోయేముందు వీళ్ళ గుమ్మం దాకా వచ్చి, చప్పుడు చెయ్యకుండా తలుపు పిడికి ఏదో తగిలించి పోయింది.

సీసా అది. తేనెలో ఊరిన అల్లం, బేరిపండు ముక్కలు. మూతకు కాయితం అంటించి ఉంది: 'అమ్మాయికి రెండు చెంచాలు, వేడినీళ్ళలో.' అక్షరాలు వంకరగా ఒక పక్కకు ఎక్కిపోయాయి.

అత్తగారు మూత తీసి వేలితో నాకి చూసింది. "జ్వరం ఎవరికే?"

బోరమ్ మూత తీసుకుని సీసాకు బిగించింది.

"ఈ కాలంలో అబద్ధానికి తేనె కూడా దొరుకుతోందన్నమాట," అంది అత్తగారు. "పోయి చెప్పు," అంది. మళ్ళీ ఆమే, "ఆదివారం అయ్యాక చెబుదువులే," అంది. అట్లా ఆమె కూడా ఆ అబద్ధంలో ఒక చెయ్యి వేసింది.

ఆదివారం బడి మైదానంలో నూట నలభై మంది చేరారు. ముప్పై దాటని మగపిల్లలే ఎక్కువ. డబ్బు కట్టి దీనికోసమే కసరత్తు నేర్చుకుని, ఒంటికి అతుక్కునే బట్టల్లో వచ్చినవాళ్ళు. వాళ్ళలో పట్టాలు పుచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. మల్సున్ తన పని చొక్కాలోనే వచ్చింది. రొమ్ముమీద ఎనభై ఏడో నంబరు. దగ్గరికి రాగానే నొప్పి పట్టీల ఘాటు గుప్పుమంది. ఒకటి రెండు పట్టీలకు వచ్చే వాసన కాదది.

"జ్వరం తగ్గిందా?" అన్నది ఆమె మొదటి మాట.

"తగ్గింది పిన్నీ."

"తేనె తాగిందా?"

"తాగింది." బోరమ్ నేలకేసి చూసింది. "నీ భుజం?"

"ఉందిలే, ఎక్కడికి పోతుంది? నిన్నా మొన్నా క్యాబేజీలు కాస్త ఎక్కువ పడ్డాయి."

ముందు వరసలో ఒక కుర్రాడు వెనక్కి తిరిగి నవ్వాడు. "పెద్దమ్మా, మీరు కూడా పరిగెత్తుతారా? బండి తెచ్చుకోవాల్సింది."

"బండి నాదేగా బాబూ. మీ ఇంటి చెత్త పన్నెండేళ్ళు దానిమీదే పోయింది. నువ్వు దాచిపెట్టి తాగిన సీసాలతో సహా."

వరసంతా నవ్వింది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

ఎనభై ఏడు అని పిలిచారు. మల్సున్ బస్తా ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. మోకాలు, పొట్ట, ఎడమ భుజం. చూసినవాళ్ళకు ఆ ఎత్తడంలో బరువే కనబడలేదు. ఆమె పరిగెత్తలేదు, పెద్ద పెద్ద అడుగులతో నడిచింది. చాలు, అట్లా నడిచొస్తే చాలు, అనుకుంటూ బోరమ్ తన గోళ్ళు తన అరచేతిలోనే గుచ్చుకుంది. మల్సున్ అటు చివర పాతిన గుర్తు దాకా పోయి తిరిగింది. మనిషి తిరిగింది, బస్తా తిరగలేదు. అది మెడ వెనకనుంచి కుడివైపుకు జారింది. దాన్ని ఆపాల్సిన కుడిచెయ్యి సగం దాకా లేచి అక్కడే ఆగిపోయింది.

బస్తా నేలమీద పడ్డ చప్పుడు ఇంత దూరానికీ వినిపించింది. ఈల ఊదారు.

మల్సున్ బస్తాకేసి ఒక్క క్షణం చూసింది. వంగింది. మోకాలి మీదికి లాక్కుంది, పొట్టకు ఆనించుకుంది, ఎడమ భుజానికి ఎక్కించుకుని మళ్ళీ నడవడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఇక అక్కర్లేదు," మైకులో అన్నాడు గుమాస్తా. "పడ్డాక లెక్కలేదు. వదిలేసి రండి."

ఆమె వినిపించుకోలేదు. యాభై మీటర్లూ నడిచొచ్చి, బస్తాను మిగతా బస్తాల వరసలో దించి, పక్కకు ఒరిగిన మూతిని సరిచేసింది. "దారి మధ్యలో ఎట్లా వదిలేస్తాం బాబూ?" అంది ఆయాసంతో. గుమాస్తా కాయితంమీద ఏదో కొట్టేశాడు.

తొంభై ఒకటి అన్నప్పుడు బోరమ్ కాళ్ళు వాటంతట అవే లేచాయి. మోకాలు. పొట్ట. భుజం. ఆ మూడు రోజుల విశ్రాంతి తొడల్లో పొంగుతోంది. ఒళ్ళంతా కొత్తగా, అప్పుడే చేసి పెట్టినట్టుగా ఉంది. బస్తా భుజం మీద ఉందో లేదో తెలియలేదు. గుర్తు దగ్గర చిన్న అడుగులతో తిరిగింది. తిరగ్గానే ఎదురుగా, గీత అవతల, ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని నిలబడ్డ మల్సున్ కనబడింది. గొంతు చించుకుని అరుస్తోంది.

"నడుము! నడుమే! రా తల్లీ, రా!"

ఇరవై నాలుగు సెకన్లు. ఇంతకుముందెప్పుడూ అంత తొందరగా రాలేదు.

మల్సున్ ఆమె వీపు చరిచింది. "చూశావా? నే చెప్పలా?" ఆమె కళ్ళు నిజంగానే మెరుస్తున్నాయి. బోరమ్ నోటిదాకా వచ్చిన మాట ఆయాసంలో కలిసిపోయింది. ఆయాసం తగ్గాక కూడా దాన్ని తీసి చెప్పలేదు.

జాబితా బుధవారం అంటించారు. ఐదో పేరు, చిట్టచివరి పేరు, బోరమ్‌ది. పాతవాళ్ళకు కలిపిన మార్కులు కూడా పక్కన వేశారు. మల్సున్ బస్తా పడెయ్యకుండా నడిచొచ్చి ఉంటే ఆ ఐదో గడిలో ఎవరి పేరుండేదో చూడ్డానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇంట్లో అత్తగారు ఒక్క మాటా అనకుండా సంచి విప్పి వేసవి బట్టలు అలమరలో సర్దింది.

శనివారం బోరమ్ బేరిపండ్ల పెట్టె కొనుక్కుని, పిల్లను వెంటబెట్టుకుని మల్సున్ ఇంటికి పోయింది. నీలం తలుపు ఇల్లు. మల్సున్ చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో ఉంది. పండును మోకాళ్ళ మధ్య నొక్కి పట్టుకుని ఎడమచేత్తో చెక్కు తీస్తూ, "జ్వరం పూర్తిగా పోయిందా బంగారం?" అని అడిగింది సొల్బీని.

"నాకు జ్వరం రాలేదే," అంది సొల్బీ. "అమ్మే మూడు రోజులు పడుకుంది. బల్ల పెరగాలని."

కత్తి ఆగలేదు. తొక్క తెగకుండా గుండ్రంగా, నెమ్మదిగా దిగుతూనే ఉంది. మొత్తం దిగాక మల్సున్ పండును ముక్కలు కోసి, గింజలు తీసి, మొదటి ముక్క పిల్ల చేతికిచ్చింది.

"తిను. తియ్యగా ఉంది," అంది.

బోరమ్‌కి కూడా ఒక ముక్క ఇచ్చింది. ఇచ్చేటప్పుడు మొహం చూడలేదు.

డిసెంబరులో మొదటి సోమవారం, పిల్లను బాలవాడిలో దింపి బోరమ్ పనిలో చేరింది. కొత్త చొక్కా ఇంకా మడతలు విడలేదు. గుమాస్తా ఇచ్చిన కాయితంలో ఉన్నవి మల్సున్ వీధులే. బండి కూడా పాతదే. పిడికి చుట్టిన గుడ్డ ఎడమవైపే అరిగిపోయి ఉంది.

నీలం తలుపు ముందుకు వచ్చేసరికి తూర్పున కాస్త తెల్లబడింది. గుమ్మం పక్కన చెత్త సంచి లేదు. ఇసుక బస్తా ఉంది. మూతి కొత్త దారంతో గట్టిగా కుట్టి ఉంది. చెత్తగా పారెయ్యాల్సిన వస్తువులకని నగరపాలక సంస్థ అమ్మే చీటీ, ముడత లేకుండా, ఆరు గీతల మీదా అడ్డంగా అంటించి ఉంది. చీటీ అంచు దాటి, ఆరో గీత వంకర కొస ఒక్కటే బయటికి కనబడుతోంది.

కిటికీలో దీపం లేదు. తెర అంచు కొద్దిగా పక్కకు జరిగి ఉంది.

బోరమ్ బండి ఆపింది. తర్వాత వంగి బస్తాను మోకాలి మీదికి లాక్కుంది, పొట్టకు ఆనించుకుంది, భుజానికి ఎక్కించింది. చేతులు వాడలేదు. బరువుగా ఉంటుందనుకుంది, ఉండాలనీ అనుకుంది. కాని బస్తా తేలిగ్గా, సొల్బీ నిద్రలో భుజం మీదికి వచ్చినంత తేలిగ్గా లేచి వచ్చింది.

బండి దాకా ఇరవై అడుగులు. ఆమె దారి మధ్యలో దించలేదు.